బైక్ మీద గెటిస్‌బర్గ్, ఆంటీటమ్: రెండు రోజుల్లో యుద్ధభూములు చూడటం ఎలా

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య నడిచిన అమెరికా అంతర్యుద్ధంలో తూర్పు వైపు జరిగిన పెద్ద పోరాటాల్లో చాలా వరకు వాషింగ్టన్ చుట్టూ వంద మైళ్ళ లోపే జరిగాయి. యాష్‌బర్న్, లీస్‌బర్గ్, ఫ్రెడరిక్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఆ చోట్లు శనివారం పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకు చేరే దూరం. కారులో వెళ్ళేవాళ్ళు ఆగి బోర్డు చదివి, ఫొటో దిగి, ముందుకు పోతారు. బైక్ మీద నేల ఎత్తుపల్లాలు ఒంటికి తెలుస్తాయి. ఎక్కడ గుట్ట లేచిందో, ఎక్కడ పల్లం మనిషిని దాచేస్తుందో హ్యాండిల్ పట్టుకున్న చేతులకే అర్థమవుతుంది. ఈ పోరాటాల్లో సగం తీర్పు ఆ ఎత్తుపల్లాలదే. అందుకే రెండు నియమాలు పెట్టుకోండి: రోజులో ఎక్కువ భాగం ఒక్క యుద్ధభూమికే, అదీ యుద్ధం జరిగిన వరసలోనే. ఒకే రోజులో మూడు చుట్టేద్దామనుకుంటే చివరికి గుర్తుండేవి ఫిరంగులు, రాతి విగ్రహాలు మాత్రమే.

లైసెన్సు, హెల్మెట్, బండి

ఇండియాలో పదేళ్ళు బండి నడిపిన అనుభవం ఉన్నా, ఇక్కడ నివాసం ఉంటే మీ రాష్ట్రం లైసెన్సు మీద మోటార్ సైకిల్ అనుమతి, అంటే ‘ఎం’ క్లాస్, ఉండాలి. దగ్గరి దారి, వారాంతంలో జరిగే మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ (ఎంఎస్‌ఎఫ్) బేసిక్ రైడర్ కోర్సు. బండి వాళ్ళే ఇస్తారు. వర్జీనియాలో అది పాసైతే లైసెన్సులిచ్చే కార్యాలయం డీఎంవీలో మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదు. కుడి వైపు నడపడం, నాలుగు దిక్కులా స్టాప్ బోర్డులున్న కూడళ్ళలో ఎవరి వంతు ముందో చూసుకోవడం మీకు ఇంకా అలవాటు కాకపోతే, ఆ కోర్సు లైసెన్సు కన్నా ఎక్కువే ఇస్తుంది.

వర్జీనియా, మేరీల్యాండ్, వెస్ట్ వర్జీనియాల్లో నడిపేవాళ్ళకూ వెనక కూర్చునేవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి. పెన్సిల్వేనియాలో 21 ఏళ్ళు నిండి, రెండేళ్ళ అనుభవమో కోర్సు సర్టిఫికెట్టో ఉన్నవాళ్ళకు చట్టం మినహాయింపు ఇస్తుంది. సరిహద్దు దాటగానే చాలామంది హెల్మెట్ తీసి వెనక కట్టేయడం చూస్తారు. మీరు తీయకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న ఐఎస్ఐ ముద్ర హెల్మెట్ ఇక్కడ లెక్కలోకి రాదు, అమెరికా రవాణా శాఖ (డీఓటీ) ముద్ర ఉన్నది కొనుక్కోండి. ఆగి ఉన్న కార్ల మధ్య సందుల్లోంచి ముందుకు దూరడం ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ నేరమే. మన ఊళ్ళ అలవాటు సిగ్నల్ దగ్గర తెలియకుండానే బయటపడుతుంది, జాగ్రత్త.

బండి ఏదైనా పరవాలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు మాత్రం ఒక మాట. అవి 20 హార్స్‌పవర్ బళ్ళు. యుద్ధభూమి లోపలి రోడ్లకు అంతకన్నా హాయైనవి లేవు. కానీ ఫ్రెడరిక్ దాటాక యూఎస్ 15 నాలుగు వరసల రోడ్డు. అక్కడ కార్లు 65 మైళ్ళ వేగంతో పోతుంటే, వెనక మనిషిని ఎక్కించుకున్న 350లో ఓవర్‌టేక్ చేసే శక్తి మిగలదు. కుడి వరసలోనే ఉండండి. అద్దెకు తీసుకునేవాళ్ళు బుక్ చేసేటప్పుడే రోజుకు ఎన్ని మైళ్ళు ఉచితమో అడగండి. లీస్‌బర్గ్ నుంచి బయల్దేరి తిరిగి వచ్చేసరికి, లోపలి చుట్లతో కలిపి 200 మైళ్ళు దాటుతుంది. మీ రోడ్‌సైడ్ సహాయం ప్లానులో బైక్‌ను ట్రక్కు మీద ఎక్కించుకుపోవడం ఉందో లేదో కూడా చూసుకోండి. కార్లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు చాలా ఉన్నాయి.

ఎప్పుడు

ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్ళీ సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు చివరి దాకా. జులై 1 నుంచి 3 వరకు గెటిస్‌బర్గ్ వార్షికోత్సవం. అదే నెలలో బైక్ వీక్ కూడా ఉంటుంది. జనం నచ్చితే వెళ్ళండి, నేలను చదవాలంటే ఆ రోజులు వదిలేయండి. అక్టోబరులో ఆకుల రంగులు బాగుంటాయి, కానీ చెట్ల కింద తడి ఆకుల మీద పడ్డ టైరు సబ్బు మీద పడ్డట్టే జారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో పొద్దు పొడిచే ముందు, పొద్దు వాలాక జింకలు రోడ్ల మీదికి వస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉందనే అనుకుని బ్రేకు మీద వేళ్ళుంచండి. ఆంటీటమ్‌లో డిసెంబరు మొదట్లో ఒక శనివారం సాయంత్రం 23,000 దీపాలు వెలిగిస్తారు, ఆనాటి యుద్ధంలో చనిపోయిన, గాయపడ్డ, గల్లంతైన ఒక్కో సైనికుడికీ ఒక్కోటి. తప్పక చూడాల్సిందే, కానీ కారులో. పార్కింగ్ లైట్లతో నత్తనడక నడిచే వరసలో, ఆ చలిలో, బైక్ పనికిరాదు.

సంచిలో ఏముండాలి

ఇది మామూలు రైడ్ కాదు, సగం రోజు నడకే. రైడింగ్ బూట్లతో రెండు మైళ్ళు నడిస్తే మడమలు బొబ్బలెక్కుతాయి. తేలికైన నడక బూట్లు, ఒక పలుచటి ప్యాంటు వెనక బ్యాగులో పెట్టుకోండి. జాకెట్, హెల్మెట్ మోసుకుంటూ తిరగలేరు కాబట్టి జాకెట్ చేతిలోంచి దూర్చి బండికి బిగించేందుకు ఆరడుగుల కేబుల్ తాళం కావాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. తిండికి పులిహోర భేషుగ్గా నిలుస్తుంది. పెరుగన్నం ఎండలో వేడెక్కిన బ్యాగులో మధ్యాహ్నానికి పులిసిపోతుంది. తినడం మాత్రం పిక్నిక్ కోసం కేటాయించిన చోటే, స్మారకాల మెట్ల మీద కాదు.

గడ్డిలో పిడుదులుంటాయి, అవే ఇక్కడి టిక్స్. లైమ్ జబ్బు వీటివల్లే వస్తుంది, ఈ రాష్ట్రాల్లో అది మామూలు. బయల్దేరే ముందు రోజే నడక బూట్లకూ ప్యాంటు అంచులకూ పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే చేసి పూర్తిగా ఆరనివ్వండి. చర్మానికి డీట్ (పురుగులను దూరం పెట్టే రసాయనం) ఉన్న మందు రాసుకుంటే, చేతులు కడుక్కోకుండా హెల్మెట్ అద్దాన్ని ముట్టుకోకండి. డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. వేలిముద్ర పడ్డ చోట అద్దం మసకబారిపోతుంది, ఎంత తుడిచినా పోదు, సాయంత్రం ఎదురుగా వచ్చే కార్ల లైట్లు ఆ మసకలో చెదిరిపోతాయి.

టైర్లు ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్టు, చిన్న కంప్రెసర్ చాలు. స్పోక్ చక్రాల్లో ట్యూబ్ ఉంటే ప్లగ్ పనిచేయదు. ట్యూబ్, టైర్ లీవర్లు తెచ్చుకోవాలి, లేదా టో ట్రక్కును నమ్ముకోవాలి. ఫోనులో నేషనల్ పార్క్ సర్వీస్ యాప్ వేసుకుని, రెండు పార్కులనూ ఇంట్లో ఉండగానే ఆఫ్‌లైన్‌లో భద్రపరచుకోండి.

మొదటి రోజు: గెటిస్‌బర్గ్

లీస్‌బర్గ్ నుంచి యూఎస్ 15 మీద ఉత్తరానికి, ఫ్రెడరిక్ మీదుగా, 60 మైళ్ళకు అటూ ఇటూ. పెన్సిల్వేనియాలోకి వచ్చిన కాసేపటికి బిజినెస్ 15 విడిపోతుంది, అదే పాత ఎమిట్స్‌బర్గ్ రోడ్డు. దాన్ని పట్టుకోండి. 1863 జులై 1 పొద్దున ఉత్తరాది జనరల్ రెనాల్డ్స్ సైన్యం వచ్చింది ఆ దారినే. ఊళ్ళోకి రాగానే ట్యాంకు నింపేయండి. లోపల బంకులుండవు.

పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. విజిటర్ సెంటర్‌లోని మ్యూజియానికి టికెట్ ఉంది. కార్ల కోసం గీసిన చుట్టు దారి 24 మైళ్ళు, 16 మజిలీలు, దాదాపు యుద్ధం నడిచిన వరసలోనే ఉంటాయి. రెండు మూడు గంటల్లో అయిపోతుందని చెబుతారు. నడకలు కలిపితే ఆరు గంటలు తీసుకోండి.

పొద్దున తొమ్మిదింటికి మొదటి మజిలీ మెక్‌ఫర్సన్ రిడ్జ్ దగ్గర ఉండండి. ఊరికి పడమర ఒకదాని వెనక ఒకటి గట్లు వరసగా ఉంటాయి. ఉత్తరాది జనరల్ బ్యూఫర్డ్ అశ్విక దళం గుర్రాలు దిగి, తుపాకులు పట్టి, ఆ గట్ల మీదే దక్షిణాది సైన్యాన్ని ఆపింది. పదాతి దళం వచ్చి చేరేదాకా కాలం గడపడమే అతని పని. ఛాంబర్స్‌బర్గ్ రోడ్డు మీద ఒకసారి పడమరకు వెళ్ళి తిరిగి రండి. బండి ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఒక్కో గట్టు దగ్గర ఎంత సమయం కొనుక్కోవచ్చో తెలుస్తుంది. అక్కడి నుంచి పీస్ లైట్ మెమోరియల్, ఓక్ రిడ్జ్ చూసేసరికి పదకొండవుతుంది.

ఎండ మండే మధ్యాహ్నం మ్యూజియానికి. 377 అడుగుల పొడవున గుండ్రంగా గీసిన సైక్లోరమా చిత్రం అక్కడుంది. అందులో యుద్ధం మూడో రోజు దక్షిణాది సైన్యం చేసిన పికెట్ దాడి చూసి బయటికి వస్తే, అదే నేలను మీరే గుర్తుపడతారు. గాలి తగిలే ఇంజన్ ఉన్న బండి కూడా ఈలోగా చల్లారుతుంది. లోపలి రోడ్ల మీద 15, 20 మైళ్ళ వేగంతో గంటల తరబడి తిరిగితే ఎయిర్ కూల్డ్ ఇంజన్ సెగ తొడలకు కొడుతుంది, క్లచ్ కూడా బరువెక్కుతుంది. అరగంటకోసారి ఇంజన్ ఆపి దిగండి.

మూడున్నరకు వెస్ట్ కాన్ఫెడరేట్ అవెన్యూ. ఇక్కడి దారులు చాలా వరకు వన్ వే, మజిలీ దాటిపోతే వెనక్కి తిప్పకండి, చుట్టు తిరిగి రండి. యుద్ధం రెండో రోజు, జులై 2న, దాడిని దక్షిణాది జనరల్ లాంగ్‌స్ట్రీట్ ఈ గట్టు మీది నుంచే, సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టాడు. మీరు ఎమిట్స్‌బర్గ్ రోడ్డును అడ్డంగా దాటి సౌత్ కాన్ఫెడరేట్ అవెన్యూలోకి వెళ్ళాలి. ఈ మొత్తం చుట్టులో అన్నిటికన్నా ప్రమాదం అక్కడే. గంట నుంచి నెమ్మదిగా నడిపిన కళ్ళకు, ఆ రోడ్డు మీద వేగంగా వచ్చే కారు దూరం సరిగ్గా అందదు. పూర్తిగా ఆగి, కాలు కింద పెట్టి, రెండు వైపులా రెండుసార్లు చూసి దాటండి. తర్వాత దారి అడవిలోకి, బిగ్ రౌండ్ టాప్ పక్కగా మలుపులతో ఎక్కుతుంది. ఎప్పుడూ నీడ, కాబట్టి ఎప్పుడూ తేమ. గుర్రాల మీద తిరిగే పర్యాటకులుంటారు. పేడ కూడా ఉంటుంది, అది మలుపులో ఉంటే వంగిన బండి జారిపోతుంది. గుర్రం ఎదురైతే ఆక్సిలరేటర్ వదిలేసి, దూరంగా, చప్పుడు లేకుండా పొండి.

లిటిల్ రౌండ్ టాప్ మరమ్మతుల కోసం దాదాపు రెండేళ్ళు మూసి 2024 జూన్‌లో తెరిచారు. పార్కింగ్ కొద్దిగానే ఉంటుంది. పైకెక్కి పడమరకు చూడండి, సాయంత్రం సూర్యుడు కళ్ళలోకి కొడతాడు. ఆ వేళకు అక్కడ నిలబడ్డ సైనికులకూ అలాగే కొట్టాడు. కింద డెవిల్స్ డెన్ బండలు, వీట్‌ఫీల్డ్, పీచ్ ఆర్చర్డ్ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఉత్తరాదికి చెందిన మెయిన్ రాష్ట్రపు 20వ రెజిమెంట్ తూటాలు అయిపోవస్తుంటే బాయినెట్లతో కిందికి దూకింది ఎడమ కొసన, చెట్లలో. చాలామంది శిఖరం చూసి తిరిగి వెళ్ళిపోతారు. మీరు దిగి ఆ స్మారకం దాకా నడవండి.

సైడ్ స్టాండ్ సంగతి

బైక్‌తో వచ్చినవాళ్ళకు ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే నష్టం రోడ్డు మీద కాదు, ఆపిన చోట. పార్కు దారులు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. కుడి అంచున ఆపితే నేల కుడికి వాలుతుంది. సైడ్ స్టాండ్ ఉండేది ఎడమ వైపు, అంటే ఎత్తు వైపు. బండి ఎడమకు ఆనుకోవాల్సింది పోయి నిటారుగా నిలబడుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. వెనక బ్యాగు బరువుకో, పెద్ద వ్యాను రేపిన గాలికో, కుడి వైపుకు పడిపోతుంది. గడ్డి మీద ఆపుదామంటే, అది నిషేధం. పైగా వాన పడ్డ నేలలో స్టాండు దిగబడుతుంది. ఎండాకాలం తారు మెత్తబడ్డా అంతే.

ఇలా చేయండి. ముందు చదునైన పార్కింగ్ స్థలం ఉందేమో చూడండి. లేకపోతే రోడ్డు వారనే వెనక చక్రం అంచుకు దగ్గరగా, ముందు చక్రం కాస్త రోడ్డు నడుమ వైపు తిరిగేలా ఏటవాలుగా ఆపండి. అప్పుడు బండి స్టాండు మీద వాలుతుంది. దిగుడు ఉంటే ముఖం ఎగువకు తిప్పండి. మొదటి గేరులో వదలండి, న్యూట్రల్‌లో స్టాండు మడుచుకుని బండి ముందుకు జారవచ్చు. స్టాండు కింద అరచేతి వెడల్పు ప్లాస్టిక్ బిళ్ళ పెట్టండి, దానికి తాడు కట్టి హ్యాండిల్‌కు తగిలిస్తే మరచిపోరు. చివరగా, సీటు మీద చెయ్యి వేసి కుడి వైపుకు మెల్లగా నెట్టి చూడండి. తేలిగ్గా లేచిందంటే మళ్ళీ ఆపాల్సిందే.

లైసెన్సున్న గైడ్లు ఇక్కడ 1915 నుంచి ఉన్నారు, చాలా లోతుగా చెబుతారు. కానీ వాళ్ళు మామూలుగా మీ కారులో కూర్చుని చెప్పే పద్ధతి. బైక్ మీద వస్తున్నామని బుక్ చేసేటప్పుడే చెప్పి, ఎలా కుదురుతుందో అడగండి. కుదరకపోతే మధ్యాహ్నం గైడ్ ఉన్న బస్సు టూర్ ఎక్కి, సాయంత్రం అదే దారి బైక్ మీద తిరగడం మంచి పద్ధతి.

రెండో రోజు: పికెట్ నేల, తర్వాత ఆంటీటమ్

రాత్రి గెటిస్‌బర్గ్‌లోనే ఉండండి. పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కక ముందే, వర్జీనియా మెమోరియల్ దగ్గర బండి ఆపి, నడక బూట్లు వేసుకుని, జులై 3 మధ్యాహ్నం 12,000 మందికి పైగా దక్షిణాది సైనికులు దాటిన పొలాన్ని దాటండి. ముప్పావు మైలుకు పైగా ఉంటుంది. దూరం నుంచి బల్లపరుపుగా కనిపించే నేల నిజానికి అలలు అలలుగా ఉంటుంది. కొన్ని చోట్ల ఎదుటి గట్టు పూర్తిగా కనుమరుగవుతుంది, మళ్ళీ పైకి రాగానే ఫిరంగుల ఎదుటే తేలతారు. నడుమ ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దాటాలి, కార్లు చూసుకోండి. రాతి గోడ మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాక ఆ దాడి ఎందుకు విఫలమైందో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు రోజుల్లో రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు దాదాపు 51,000. లింకన్ 1863 నవంబరు 19న మాట్లాడిన జాతీయ శ్మశానం పక్కనే. లోపలికి నడిచే వెళ్ళాలి. దాని గోడ వెంట బండి రేజ్ చేయకండి, సమాధుల మధ్య నిలబడ్డవాళ్ళు ఉంటారు.

తొమ్మిదికల్లా 116వ నంబరు రోడ్డు మీద ఫెయిర్‌ఫీల్డ్ వైపు బయల్దేరండి. తర్వాత 16 మీద కొండెక్కి, బ్లూ రిడ్జ్ సమ్మిట్ మీదుగా వేన్స్‌బొరో. ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యం బళ్ళు వెనక్కి మళ్ళిన దారుల్లో ఇదొకటి. జులై 4 రాత్రి ఉరుములు, వానలో కొండ మీది మాంటెరీ పాస్ దగ్గర వాటి మీద ఉత్తరాది అశ్విక దళం పడింది. కొండ దిగుడులో బ్రేకు కన్నా గేరు నమ్ముకోండి. వేన్స్‌బొరో నుంచి 316, మేరీల్యాండ్‌లో అదే 60, హేగర్స్‌టౌన్‌లో సిగ్నళ్ళు దాటి 65 పట్టుకుంటే నేరుగా ఆంటీటమ్ విజిటర్ సెంటర్.

ఇక్కడ ప్రవేశ రుసుముంది. ఏడాదిలో నాలుగైదు జాతీయ పార్కులకు వెళ్ళేవాళ్ళకు వార్షిక పాసు లాభం, అమెరికా నివాసులకు 80 డాలర్లు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి.

చుట్టు 8.5 మైళ్ళు, 11 మజిలీలు. 1862 సెప్టెంబరు 17న యుద్ధం తెల్లవారగానే ఉత్తరాన మొక్కజొన్న చేలో మొదలై, మధ్యాహ్నానికి నడుమ పల్లపు దారికి, తర్వాత దక్షిణాన వంతెనకు జరిగింది. దారి కూడా అలాగే సాగుతుంది కాబట్టి వేళ కలవకపోయినా వరస కలుస్తుంది. పల్లపు దారి దగ్గర పరిశీలన గోపురం ఎక్కండి. బళ్ళు తిరిగి తిరిగి అరిగి గుంటలా మారిన దారి కింద కనిపిస్తుంది. దక్షిణాది వాళ్ళకు మొదట అది కందకమై కాపాడింది, ఒక కొస చేజారగానే అదే ఉచ్చయింది. బర్న్‌సైడ్ వంతెనకు పై పార్కింగ్ నుంచి నడిచి దిగాలి. కొన్ని వందల మంది దక్షిణాది జార్జియా సైనికులు ఎదుటి గుట్ట మీద నుంచి మూడు గంటలు ఉత్తరాది వాళ్ళను ఆ సన్నటి వంతెన దాటకుండా ఎలా ఆపారో, ఆ గుట్ట వైపు నిలబడి కిందికి చూస్తేనే తెలుస్తుంది.

ఫిరంగులెక్కకండి. నేల మీద తూటా ముక్క కనిపించినా తీయకండి, జాతీయ పార్కుల్లో అది నేరం. డ్రోన్లు కూడా కుదరవు.

ఇంటి దారి: 34 మీద బూన్స్‌బొరో, అక్కడి నుంచి ఆల్టర్నేట్ 40 మీద సౌత్ మౌంటెన్ ఎక్కి టర్నర్స్ గ్యాప్. ఆంటీటమ్‌కు మూడు రోజుల ముందు ఈ కనుమల్లోనే పోరాడారు. తర్వాత అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్ హేస్ పక్కనున్న ఫాక్స్ గ్యాప్‌లో గాయపడ్డాడు. మిడిల్‌టౌన్, ఫ్రెడరిక్ మీదుగా మళ్ళీ యూఎస్ 15. పొటోమాక్ దాటడానికి పాత మ్యాపులు వైట్స్ ఫెర్రీ అనే పడవ రేవు చూపిస్తాయి. అది 2020 డిసెంబరులో ఆగిపోయింది, కాబట్టి పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీదుగానే రండి.

ఇల్లు చేరగానే స్నానం చేస్తూ మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ, చంకల్లో, జుట్టులో పిడుదుల కోసం తడిమి చూసుకోండి. అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాత నెల లోపు ఎర్రటి దద్దురో, జ్వరమో కనిపిస్తే డాక్టరుకు ఎక్కడెక్కడ తిరిగారో తేదీలతో చెప్పండి.